రెండు సీట్ల కారు

అప్పట్లో ఒకసారి ఉప్పల్‌లో బస్సు కోసం నిలబడ్డాను. నాచారం వైపు నుంచి వచ్చిన ఒకతను రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు ఆపి, ఇంజన్ కాగిపోయిందని నా చెంబులో నీళ్లడిగాడు.

"ఒకరు వాడి వదిలేసింది కొని గీ తిప్పలెందుకు బిడ్డా?" అని కసురుతూనే చెంబు అందించాను.

"ఇన్నేండ్లు నా చేతులతోనే బాగుజేసుకున్న పెద్దమ్మా. ఇయ్యాల అమ్మనీకి పోతున్న. నా పెండ్లానికి నెలలు నిండినయ్. ముగ్గురం పట్టం గదా!" అంటూనే నీళ్లు పోసి, బానెట్ మూసి తుడవసాగాడు.

దుబారా అంటే నాకు ఒళ్లు మంట. అయినా కారును అతనట్లా తుడుస్తుంటే నోరు ఆగలేదు.

"ఓ పిచ్చోడా, పసిగుడ్డుకు సీటెందుకు? తల్లి ఒడి లేదా?"

 అతను పక్క సీటు మీది దుమ్మును రుమాలుతో మెల్లగా దులిపి, కారును మళ్లీ నాచారం వైపే తిప్పాడు.