లోపలి గీత

మొన్న ఆదిలాబాద్‌లో మా పాప బడి మైదానంలో సున్నంతో పరుగు గీతలు వేస్తున్నారు. తడి సున్నం వాసన తగలగానే నా చిన్ననాటి కోపం మళ్లీ లేచింది.

హుజూరాబాద్‌లో మాది బట్టల దుకాణం. నాలుగో తరగతిలో మైదానం చుట్టూ ఒక చుట్టు పరుగుపందెం పెట్టారు. గెలిస్తే స్టీలు టిఫిన్ డబ్బా. నాకు అన్నిటికంటే లోపలి గీత వచ్చింది. బయటి గీతలో ఉన్న స్వరూపను సారు నాకంటే ఎంతో ముందు నిలబెట్టాడు. పట్టపగలు, అందరి ఎదుటే ఇంత మోసమా!

"సార్, గిదేం న్యాయం? గా స్వరూప ముంగటున్నది!"

"అవుతలి చుట్టు పెద్దగుంటది బిడ్డా, గందుకే. దూరం అందరికి ఒక్కటే."

కొలతలో కోత పెట్టే ప్రతివాడూ ఇలాగే తియ్యగా చెబుతాడని నాకు తెలుసు. "అట్లయితే గా జాగ నాకియ్యుండ్రి" అని బేరం పెట్టాను. సారు విసిగిపోయి మా ఇద్దరినీ మార్చాడు. స్వరూప నవ్వుకుంటూ వచ్చింది. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నేను అనుమానపడాల్సింది.

మలుపులు తిరిగేకొద్దీ అందరూ నా పక్కకు వచ్చేశారు. డబ్బా స్వరూప పట్టుకుపోయింది.

ఇంటికొచ్చి ఏడిస్తే బాపు పకపక నవ్వాడు. "లంగకు నడుము కాడ ఎంత అంచు పడ్తది, కింద ఘేరా చుట్టు ఎంత పడ్తది? రోజు సూస్తలేవా పిచ్చిపోరి?"

సారు మోసగాడు కాకపోయినందుకే నాకు ఇప్పటికీ మంట. మా దుకాణంలో మొదట చెప్పేది ఎప్పుడూ అసలు ధర కాదు. మొదటి మాటే నిజమయ్యే చోట్లు కూడా ఉంటాయని ఇంట్లో ఒక్కరైనా ముందే చెప్పొద్దా?