దేవుడి పేరున పోయిన ఒకటో నంబరు

1983లో వరంగల్‌లో ఒక మిల్లు కార్మికుల వైద్య పథకం ఆఫీసులో నేను క్లెయిమ్స్ గుమాస్తాను. కార్మికులు డాక్టరు చీటీ చూపి మందుల షాపులో మందు తీసుకునేవారు. షాపువాళ్లు నెలాఖరున జాబితా పంపితే మేము బిల్లు చెల్లించేవాళ్లం. జూలై ఒకటి నుంచి ఆ పద్ధతి పోయి క్లెయిమ్ ప్యాడ్లు రావాలి. అంటే నంబర్లు వేసిన ఫారాల పుస్తకం, ప్రతి ఫారానికీ మూడు ప్రతులు. వరుసలో ఒక్క నంబరు తప్పినా ప్యాడ్ చెల్లదు. దొంగ బిల్లులు ఆపడానికి ఆ నిబంధన రాసింది నేనే. పన్నెండు షాపులవాళ్లకూ కార్బన్ పెట్టడం దగ్గర నుంచి నేర్పాను.

గడువుకు రెండు రోజుల ముందు తనిఖీకి మట్టెవాడలో సోమయ్య సేటు షాపుకు వెళ్లాను. ప్యాడ్ రెండో నంబరుతో మొదలైంది. ఒకటో నంబరు మూడు ప్రతులూ పసుపు పూసుకుని, శ్రీకారం చుట్టుకుని లక్ష్మీదేవి పటం ముందున్నాయి.

"ఇదేంది సేటూ?"

"తొలి కాయితం దేవునిది సార్. మా నాయిన కాలం నుంచి గంతే. కొత్త బుక్కుల మొదటి పేజీ మీద రోగం పేరు రాయం."

నాకు మండింది. జ్వరమొస్తే లక్ష్మీదేవి మాత్ర వేస్తుందా అని మొదలుపెట్టి అరగంట వాదించాను. నా వాదనకు నాకే ముచ్చటేసింది. సేటు సీసాలు తుడుస్తూ అంతా విన్నాడు.

"మీరన్నది నిజమే కావొచ్చు సార్. కాయితం మాత్రం తియ్య."

అప్పటిదాకా పక్కన నిలబడ్డ ఒకామె అంది: "మీ లొల్లి ఒడిసిందా సారూ? జర మా ఆయన సూది మందు సంగతి చెప్పుండ్రి."

ఆమె ఎల్లవ్వ. మిల్లు కార్మికుడైన భర్తకు టీబీ. ఒకసారి సూదులు మధ్యలో ఆపితే రోగం తిరగబెట్టింది. ఈసారి ఒక్కరోజు కూడా తప్పొద్దని డాక్టరు హెచ్చరించాడు.

"ఈ ప్యాడ్ చెల్లదమ్మా. కొత్తది హైదరాబాదు నుంచి రావాలి. నెల పడుతుంది."

"నెల దాకా ఆయన దగ్గు ఆగుతదా?"

సైకిలెక్కి మిగతా షాపులు తిరిగాను. పదకొండింటిలో తొమ్మిది షాపుల్లో ఒకటో నంబరు దేవుడి దగ్గరే ఉంది.

ఒకటో నంబరు లేకున్నా ప్యాడ్లు చెల్లేలా చూడమని మర్నాడు అడిగితే మా ఆఫీసరు నవ్వాడు. "రూలు రాసింది నువ్వే. నాస్తికుడివి, దేవునికి సిఫారసు తెచ్చినవా?"

"దేవుడికి కాదు సార్, ఒక టీబీ రోగికి."

ప్రతి ప్యాడ్‌లో ఒకటో నంబరు నమూనా ఫారమనీ, క్లెయిములు రెండు నుంచి లెక్కనీ ఉత్తర్వు రాసిచ్చాను. ఆయన సంతకం చేశాడు.

జూలై ఒకటిన పొద్దున్నే సోమయ్య షాపులో ఉన్నాను. సేటు రెండో నంబరు మీద స్ట్రెప్టోమైసిన్ అని రాశాడు. ఎల్లవ్వ వేలిముద్ర వేసి, తన ప్రతి మడిచి కొంగున కట్టుకుంది.

"గింత దానికేనా సారూ, మొన్న గంత లొల్లి?" అంటూ మందు తీసుకుని వెళ్లింది.

దేవుడికి క్లెయిమ్ ఫారం అక్కర్లేదని ఇప్పటికీ అంటాను. కాని ఫారం ఎలా నింపాలో అంతమందికి నేర్పిన నేను, కొత్త పుస్తకం మీరెలా తెరుస్తారని ఒక్కరినీ అడగలేదు. ఆ తర్వాత నా చేతి మీదుగా వచ్చిన ప్రతి ఫారాన్నీ అచ్చుకు పంపేముందు ఒక తెల్ల పుస్తకం షాపువాడి చేతిలో పెట్టి, వాదించకుండా కూర్చుని చూసేవాణ్ణి.