మధ్య పాటలు వినని పిన్ని

"పాప నన్ను మర్చిపోతే?"

పొద్దున్నే పాలసీసా కడుగుతూ ఆమె ఈ మాట పైకే అనేసింది. చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న భర్త తల ఎత్తలేదు. ఏడాది నిండని పిల్ల, మర్చిపోవాలంటే ముందు గుర్తుపెట్టుకోవడం రావాలి కదా అన్నాడు. ఆమె భయం కూడా సరిగ్గా అదే. పాప గుర్తుపెట్టుకోవడం నేర్చుకునే వేళకి ఎదురుగా తాను ఉండదు, కింద పిన్ని ఉంటుంది.

కింద పిన్ని అంటే కింది వాటాలో ఒంటరిగా ఉండే ఆవిడ. మేడమీదివాళ్ళకీ, పక్కింటివాళ్ళకీ, పాలవాడికీ అందరికీ కింద పిన్నే. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. పాప తల్లి ప్రసూతి సెలవు అయిపోయి నీటి పరీక్షల ల్యాబ్‌లో మళ్ళీ చేరినప్పుడు, పాపని నాకొదిలేసి వెళ్ళమ్మాయ్ అని పిన్నే ముందుకొచ్చింది. రోజూ పొద్దున పిన్ని పాపని భుజాన వేసుకుని కిటికీ వైపు తిరుగుతుంది. ఏదో కూనిరాగం అందుకుంటుంది. ఆ సందులో ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా గుమ్మం దాటేస్తుంది. చెప్పి వెళితే పిల్ల ఏడుస్తుంది, చూడనప్పుడు జారుకో అని ల్యాబ్‌లో తల్లులందరూ చెప్పిన ఉపాయం అది.

సాయంత్రం వచ్చి చేతులు చాపితే పాప మొహం తిప్పేసుకుని పిన్ని మెడలో దూరిపోతుంది. "ఇప్పుడే లేచింది, మత్తులో ఉంది" అని పిన్ని సర్దిచెప్పేది. ఆ సర్దిచెప్పడంలో ఏదో మూల చిన్న గర్వం వినిపించి ఆమెకి ఒళ్ళు మండేది.

అన్నిటికన్నా ఎక్కువ మంట పెట్టింది ఆ కూనిరాగం. ఎంత గుక్కపట్టిన ఏడుపైనా దానికి ఆగిపోతుంది. ఆమెకి పాటలంటే ప్రాణం. గదిలో గోడ పొడవునా పాత క్యాసెట్లు, అట్టల మీద దుమ్ము పడనివ్వదు. అన్ని పాటలుండీ పాపకి నచ్చిన ఒక్క పాట తన దగ్గర లేదు. అది ఏ పాటో కూడా తెలీదు. ఒకసారి అడిగితే పిన్ని, ఏమో, ఎప్పుడో ఫ్యాక్టరీలో విన్నది అని ఊరుకుంది. రెండోసారి అడగడానికి ఆమెకి అభిమానం అడ్డొచ్చింది.

చదువుకున్న బుద్ధి ఊరుకోదు కదా. ల్యాబ్‌లో చేసినట్టే, ఒక్కటి మార్చి మిగతావన్నీ అలాగే ఉంచి చూసింది. అదే కిటికీ, అదే వైపు భుజం, అదే దుప్పటి, తన పాట. పాప ఏడ్చింది. పాట మార్చింది. ఇంకా గట్టిగా ఏడ్చింది. చివరికి సిగ్గు విడిచి, గుమ్మం పక్కన నిలబడి పిన్ని రాగాన్ని ఫోన్లో దొంగతనంగా రికార్డు చేసుకుంది.

ఆదివారాలు కళ్ళద్దాల షాపు వెనక గదిలో పాత పాటల పిచ్చివాళ్ళు నలుగురు చేరతారు. షాపాయన పెద్ద, ఆయన దగ్గరున్న పాత టేప్‌రికార్డర్ చుట్టూ కుర్చీలు. ఎవరికీ తెలియని పాట తెచ్చినవాడిదే ఆరోజు రాజ్యం. పైకి అందరూ ఆహా అంటారు, లోపల కడుపులు రగులుతుంటాయి. ఆ కుళ్ళు తియ్యగా ఉంటుంది కాబట్టే మళ్ళీ ఆదివారం వస్తారు. పిన్ని మీద తనకి ఇప్పుడు పట్టుకున్నది ఆ రకం కుళ్ళు కాదని ఆమెకి తెలుసు.

ఫోన్లో రాగం విని షాపాయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. ఇది పడవ పాట, చిన్న కంపెనీవాళ్ళు వేసిన నీలం అట్ట క్యాసెట్టు, దాని పేరెత్తితే మా తమ్ముడూ నేనూ కొట్టుకునేవాళ్ళం అని మొదలుపెట్టాడు. రిటైరైన పోస్టుమాస్టరు అడ్డుపడ్డాడు. మొదలు పడవ పాటే, చివర మాత్రం వాన పాట, తాను ఉద్యోగంలో చేరిన కొత్తలో అద్దెగదిలో అరిగిపోయేదాకా విన్నానని వాదన. కాసేపు ఇద్దరూ గొంతులు పెంచారు. తర్వాత షాపాయన బీరువా తెరిచి ఆ క్యాసెట్టే తీసి పెట్టాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఒకే క్యాసెట్టు, ఒకే వైపు. పిన్ని రాగం ఆ మొదటి పాట మొదలూ, ఆఖరి పాట చివరా కలిపింది.

"మరి మధ్యలో పాటలు ఎవరు మింగేశారమ్మా?" అన్నాడు పోస్టుమాస్టరు. అందరూ నవ్వారు. ఆమె అందరికన్నా ఎక్కువ నవ్వింది. అయితే పిన్నికి పాట సరిగ్గా రాదన్నమాట. ఎన్నాళ్ళకో మనసు చల్లబడింది. క్యాసెట్టు ఎవరికీ ఇవ్వని షాపాయన, నీ మొహం చూసి కాదు, పాప మొహం చూసి ఇస్తున్నాను అని సణుగుతూనే కాపీ చేసిచ్చాడు.

ఆ సాయంత్రమే ఏడుస్తున్న పాపని ఒళ్ళో వేసుకుని, సరైన పాట అంటే ఏమిటో చూపిస్తానన్నట్టు మీట నొక్కింది. మొదలు రాగానే పాప ఏడుపు ఆపి చెవి ఒగ్గింది. ఆమెకి గాల్లో తేలినట్టయింది. మొదటి చరణం దాటగానే పాప మొహం ముడుచుకుంది. తెలియని చోటికి తీసుకొచ్చినట్టు అటూ ఇటూ చూసింది. ఎవరికోసమో వెతికి, కనపడక, ఇల్లెగిరిపోయేలా ఏడుపు అందుకుంది.

ఆ ఏడుపు విని పిన్ని చేతులు తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చింది. వచ్చింది కానీ పాపని అందుకోలేదు. గుమ్మంలోనే నిలబడిపోయింది.

"దీనికి మధ్యలో ఇలా ఉంటుందా?" అంది.

పాట నడుస్తూనే ఉంది. పిన్ని నేలమీద కూర్చుని పాపని ఒళ్ళోకి తీసుకుంది. ఆ వైపు అయిపోయేదాకా ఇద్దరూ విన్నారు. తర్వాత పిన్ని తన సంగతి చెప్పుకొచ్చింది. పెళ్ళికి ముందు నుంచీ క్యాసెట్ల ఫ్యాక్టరీలో పని. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ప్రతి క్యాసెట్టూ ముందు కాస్త వినాలి, ముందుకి తిప్పేసి చివర కాస్త వినాలి, పక్కన పెట్టి ఇంకోటి అందుకోవాలి. మధ్యలో వినడానికి టైమిచ్చేవారు కాదు, వింటే సూపర్‌వైజరు వెనకొచ్చి దగ్గేవాడు. ఇంట్లో టేప్‌రికార్డర్ లేదు. అది కొనుక్కునే రోజులొచ్చేసరికి ఫ్యాక్టరీ మూతపడింది, ఆ క్యాసెట్లు ఎక్కడా దొరకలేదు. అందుకే ఆవిడకి వందల పాటల మొదళ్ళూ చివర్లూ వచ్చు. పూర్తిగా ఒక్కటీ రాదు.

"పాటలు కొనుక్కెళ్ళి ఇంట్లో కూర్చుని వినేవాళ్ళంటే నాకు ఎంత కుళ్ళో" అంది పిన్ని. "నీ గదిలో ఆ అరలు చూసినప్పుడల్లా ఇప్పటికీ గుండెలో కలుక్కుమంటుంది."

తనని చూసి కూడా ఒకరు కుళ్ళుకుంటారని ఆమెకి ఎన్నడూ తోచలేదు. ఆ మాట ఇచ్చిన చనువుతో తన బాధ కూడా బయటపెట్టేసింది. పాప తనని చూసి మొహం తిప్పేసుకుంటోందని, ఇంకొన్నాళ్ళకి ఎవరో వచ్చారనుకుంటుందేమోనని.

పిన్ని పాప జుట్టు సవరించింది.

"నువ్వెళ్ళాక చాలాసేపు తలుపు వైపే చూస్తుంది. కిటికీ దగ్గర ఆగదు, తలుపు దగ్గరికే లాగుతుంది నన్ను. నీకు చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు పిన్నీ?"

"నువ్వు బాధపడతావని అంటే అబద్ధం. ఉద్యోగం మానేస్తావేమోనని. మానేస్తే ఇది నాకు రాదుగా."

ఆమెకి కోపం రావలసింది. వచ్చింది కూడా, కానీ కాళ్ళూనుకునే చోటు దొరకలేదు. అదే కుళ్ళు తనలోనూ ఉంది మరి.

అప్పుడు పిన్ని తన పని గురించి ఇంకొక్క మాట చెప్పింది. మొదలు కాస్త గరగరలాడినా పోనిచ్చేవారట. చివర టక్కున తెగిపోయిన క్యాసెట్టు మాత్రం అవతల పెట్టేసేవారు. అలా తెగితే, విన్నవాళ్ళకి పాట అయిపోయిందో, టేపు చెడిపోయిందో తెలీదు, మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చూస్తూ ఉంటారు. పాట మెల్లగా తగ్గుతూ ఆగితేనే అయిపోయిందని తెలుస్తుంది.

మర్నాడు ఆమె చెప్పులు చేత్తో పట్టుకోలేదు. గుమ్మంలోనే వేసుకుంది. పిన్ని పాపని కిటికీ వైపు కాక తలుపు వైపు తిప్పి పట్టుకుంది. వెళ్ళొస్తానని చెబితే పాప గట్టిగానే ఏడ్చింది. ఆమె వాన పాట చివరి చరణం అందుకుని, అదే మళ్ళీ మళ్ళీ పాడుకుంటూ, పాప వైపే చూస్తూ వెనకడుగులు వేసింది. గేటు దగ్గర గొంతు తగ్గించింది, వీధి మలుపులో పెదవులు మాత్రమే కదిపింది. పాలవాడు సైకిలాపి వింతగా చూశాడు. చూస్తే చూశాడు.

ఇప్పటికీ కొన్ని సాయంత్రాలు పాప మొహం తిప్పేసుకుంటుంది. పిన్ని పూర్తిగా వినడానికి ఇప్పుడు ఆమె అరలోంచి క్యాసెట్లు ఇస్తోంది; ఆ రోజుల్లో ఒకటి తక్కువ ఇవ్వాలనిపిస్తుంది, అయినా ఇస్తుంది. పొద్దున పాట మాత్రం మానలేదు. ఆలస్యమై పరుగెత్తబోయిన రోజున వెనకనుంచి పిన్ని గొంతే వినపడుతుంది:

"తెగ్గొట్టి పోకమ్మాయ్. మెల్లగా తగ్గించుకుంటూ వెళ్ళు."