ముత్యాలు గుచ్చే ఆయన మీద కేసు

డెబ్బైల్లో ఒకసారి కోర్టులో నేను లేచి మాట్లాడితే మేజిస్ట్రేటు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడని చాలామందికి చెప్పాను. ప్లీడర్లంతా నా వైపే తిరిగారని కూడా కలిపాను. ఉన్నమాట చెప్పాలంటే, నేను తలుపు పక్కన గోడకు అతుక్కుని నిలబడ్డాను. 

మాట్లాడింది ఆమె. హుస్సేనీ ఆలంలో మా పక్కింటామె. ఆమె భర్త చార్మినార్ దగ్గర ఒక దుకాణానికి ముత్యాలు గుచ్చేవాడు. దండలో మంచి ముత్యాలు తీసి నాసిరకానివి గుచ్చాడని సేటు దొంగతనం కేసు పెట్టించాడు. బెయిలు మీద వచ్చాడు, వాయిదాలకు తిరిగాడు, విచారణ మొదలవకముందే కామెర్లతో పోయాడు. ఆమెకూ అదే పని వచ్చు. కానీ దొంగ పెళ్లాం చేతికి ముత్యాలెవరిస్తారు? అందుకే, ఆయన దొంగ కాదని కోర్టు ఒక్క మాట అంటే చాలనుకుంది.

"ముద్దాయి చనిపోయాడు. కేసు ఇంతటితో ముగిసింది," అన్నాడు మేజిస్ట్రేటు.

"ముగిసిందంటే ఏంది సారూ? తీసిండా, తియ్యలేదా?"

"చనిపోయిన మనిషిని విచారించడం కుదరదమ్మా. దోషీ అనలేం, నిర్దోషీ అనలేం."

"ఆయన లేకుంటే నేనున్న గద. నన్ను అడుగుండ్రి!"

బంట్రోతు తర్వాతి కేసు పిలిచాడు.

నాతో పాటు వచ్చి ఆమె నేరుగా ఇంట్లోకి పోయింది. నా నోరు మాత్రం ఊరుకుంటుందా? జడ్జి ఆయన్ని నిర్దోషి అన్నాడని, సేటును నిలబెట్టి చీవాట్లు పెట్టాడని ఆ సాయంత్రమే బజారంతా చెప్పాను. నమ్మారు కూడా! కొన్నాళ్లకు ఇంకో దుకాణం సేటు ఆమెను పిలిపించి ముత్యాల పొట్లం ముందు పెట్టాడు. ఘనత నాదే కదా, నేనూ వెంట వెళ్లాను.

"జడ్జిసాబ్ సాఫ్ చెప్పిండట గద బిడ్డా, నీ మొగడు బేకసూర్, ఏ తప్పు చెయ్యలే అని?"

ఆమె నా వైపు చూసింది. అవునను అని కళ్లతోనే బతిమాలాను.

"లేదు సేటూ. గట్ల అన్లే. సచ్చిండని కేసు మూసిండ్రు, గంతే."

సేటు పొట్లం వెనక్కి తీసుకున్నాడు.

"అవునంటే నీ సొమ్మేం పోతుండె?" బయటికొచ్చి కసిరాను.

"నువ్వన్న మాట రేపటికి నువ్వే మర్సిపోతవ్ అన్నా. నాకు జడ్జి నోట ఇనాలనుండె."

ఆ తర్వాత ఆమె పురానాపూల్ దగ్గర చింతపండు గింజలు తీసే కూలికి పోయింది. అక్కడ ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.