అత్త ముద్దలో కలిపిన పొడి

మా అత్త నీసు మానేసింది పురుగుల కోసమే. ఒక ఏడాది మా షెడ్డులో పట్టుపురుగులకు పాలరోగం వచ్చింది. ఇంకో వారంలో గూళ్లు కడతాయనగా తట్టలకు తట్టలు చచ్చిపోయాయి. తర్వాతి పంట నిలబడితే ఈ జన్మకు మాంసం, గుడ్డు ముట్టనని ఆమె కొండ దేవుడికి మొక్కుకుంది. పంట నిలబడింది. ఆమె కూడా మాట మీద నిలబడింది. ఆదివారం మేమంతా కోడికూర తింటుంటే ఆమె మాత్రం సంగటి, ఊరుబిండి పెట్టుకుని హాయిగా తినేది. వేరుశనగ గింజలు, మా మాటలో చెనగ్గింజలు, నూరిన ఆ పచ్చడి ఉంటే ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు.

పలమనేరు దగ్గర పల్లె మాది. అత్త పురుగులను మేపుతుంది, నేను రీలింగ్ షెడ్డుకు పోతాను. అక్కడ గూళ్లను కాగే నీళ్లలో వేసి దారం తీస్తాం. దారమంతా వచ్చేశాక లోపల ఉడికిన పురుగు, గోధుమరంగు ప్యూపా, మిగులుతుంది. వాటిని మూటలు కట్టి చేపల మేతకు పంపేవాళ్లు. ఆ వాసన చీరకు పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

మూడేళ్ల కిందట మా షెడ్డువాళ్లకు ఒక రోజు శిక్షణ పెట్టారు. వచ్చిన ఆఫీసరమ్మ, మీరు చేపలకు వేస్తున్నది మాంసంతో సమానమైన తిండి అంది. ఎండబెడితే సగానికి పైగా మాంసకృత్తులేనట, మంచి కొవ్వు, ఇనుము కూడా ఉంటాయట, ఈశాన్య రాష్ట్రాల్లో ఇష్టంగా వండుకుని తింటారట. అందరూ ముక్కు చిట్లించారు. నేను మాత్రం పుస్తకంలో రాసుకున్నాను. ఇంటర్లో సైన్సు చదివానన్న పొగరు నాకు కొంచెం ఎక్కువే.

ఆ ఏడాదే అత్తకు టైఫాయిడ్ వచ్చింది. తగ్గాక చూస్తే మనిషి సగమైపోయింది, గోడ పట్టుకుని నడిచేది. ప్రోటీన్ తక్కువైంది, రోజుకో గుడ్డు పెట్టమన్నాడు డాక్టరు.

"పానం పోతే పోనీ సారూ, గుడ్డు మాత్రం తినను. మొక్కు మొక్కే" అంది అత్త.

నాకు ఆగబుద్ధి కాలేదు. షెడ్డు నుంచి తాజా ప్యూపా తెచ్చి కడిగి, కోళ్ల కోసమని చెప్పి మిద్దె మీద ఎండబెట్టాను. దోరగా వేయించి, వెల్లుల్లి, ఎండుమిరపకాయలు వేసి, చెనగ్గింజల పొడిలో కలిపి దంచాను. మొక్కులో మాంసం ఉంది, గుడ్డు ఉంది, పురుగు పేరు లేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఏ పురుగుల కోసం ఆమె నోరు కట్టుకుందో ఆ పురుగులనే ఆమె నోట్లో పెడుతున్నానని తెలియక కాదు. తెలిసే పెట్టాను.

"ఈ పొడి ఎంత కమ్మగుండాదే! ఏమేసినావు మే?" అంది మొదటిరోజు.

"చెనగ్గింజలే అత్తా. బాగా ఏయించినా."

రెండోరోజు అడిగి మరీ పెట్టించుకుంది. మూడోరోజు తిన్న కాసేపటికే పెదాలు వాచాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, ఊపిరి అందక గొంతు పట్టుకుంది. పురుగుల పడకలు శుభ్రం చేసినప్పుడల్లా ఆమెకు తుమ్ములు, దురదలు వచ్చేవి. మేమంతా దుమ్మనుకునేవాళ్లం. ఏళ్ల తరబడి పురుగుల మధ్య బతికినవాళ్లలో కొందరికి అవి పడవని, అలాంటివాళ్లు ప్యూపా తింటే ప్రాణం మీదికి రావచ్చని ఆ ఆఫీసరమ్మ నాకు తర్వాత చెప్పింది. పెట్టకముందు అడగాల్సిన మాట అది.

అంబులెన్సులో చిత్తూరు తీసుకుపోయాం. "ఏం తినింది? సరిగ్గా చెప్పమ్మా" అన్నాడు డాక్టరు. పక్కన నా భర్త ఉన్నాడు. మంచం మీద అత్త కళ్లు తెరిచే ఉంది. "చెనక్కాయల పొడి సార్" అన్నాను. ఆయన సూది వేశాడు, అత్త బతికింది. ఇక జన్మలో చెనక్కాయలు పెట్టొద్దని చీటీ మీద రాసి కింద గీత గీశాడు.

మూడేళ్లు ఆమె ఊరుబిండి ముట్టలేదు. పెళ్లిళ్లకు పోతే ప్రతి పచ్చడినీ వేలుతో చూపించి, ఇందులో చెనక్కాయలు ఉండాయా అని అడిగేది. ఆమె కోసం నేను వేరేగా కొబ్బరి పచ్చడి చేసేదాన్ని. కోడలంటే ఇట్లుండాలని చుట్టాలు పొగుడుతుంటే తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఉండేదాన్ని. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని, అయినా చెప్పలేదు.

మొన్న నీరసంగా ఉందంటే తిరుపతిలో ఇంకో డాక్టరుకు చూపించాను. నీసు తినరు కాబట్టి చెనక్కాయలు బాగా తినమన్నాడు. "నాకు పడవు సారూ, సచ్చి బతికినా. కావాలంటే మా కోడల్ని అడగండి. అది దగ్గరుండబట్టే బతికినా" అంది అత్త. ఇక దాచలేక ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పేశాను.

తిడుతుందని ఎదురుచూశాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నా బాధ పురుగు పెట్టినందుకు కాదు మే" అంది. "నా మేలుకే పెట్టినావు. దేవునికి నేను సెప్పుకుంటా. నాకు ఊపిరాడక, డాక్టరు ఏం తినిందని అడిగితే, నువ్వు నా తట్టు సూడలా. నీ మొగుని మొగం సూసినావు. ఆ పొద్దే నేను సూసినా. ఎందుకో ఇప్పుడు తెలిసింది."

ఆమె లేచి, నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, "ఇప్పుడన్నా సెప్పు" అంది. చెప్పాను. డాక్టరు పరీక్షలు చేయించి, చెనక్కాయలతో భయమేమీ లేదన్నాడు.

ఇప్పుడు ఆమె మళ్లీ ఊరుబిండి తింటోంది. గింజలు తానే వేయించుకుంటుంది, తానే నూరుకుంటుంది. సంగటి మాత్రం నేనే పెడతాను. ముద్దను రెండుగా విరిచి, లోపల చూసుకుని, అప్పుడు తింటుంది.