ఎడమ భుజం వెనక లవంగం వాసన

తెల్లారకముందే లేచి పిండి కలిపే మనిషికి దెయ్యాల గురించి ఆలోచించే తీరిక ఉండదు. నాకైతే అసలు లేదు. ఫలానా చోట ఏదో కనిపించిందని ఎవరైనా చెబితే, నిద్ర చాలలేదేమో, పోయి పడుకోమనేదాన్ని. ఇప్పటికీ నేను అదే మనిషిని. అందుకే ఈ సంగతి చెప్పడానికి ఇన్నాళ్లు వెనకాడాను.

ఆత్మకూరులో డిగ్రీ కాలేజీ వెనక సందులో మాకు చిన్న టిఫిన్ హోటలు ఉంది. పెట్టింది మా అత్త. ఉదయగిరి నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చి, మామ పోయాక, ఒక పొయ్యి, పుట్టింటి నుంచి తెచ్చుకున్న చెక్క గరిటెతో మొదలుపెట్టిందట. పొద్దున ఇడ్లీ, కారం దోసె. మిగిలిన పిండి పులిస్తే సాయంత్రం నూనెలో పులి బొంగరాలు. కాలేజీ పిల్లలు, హాస్టలు పిల్లలు, వాళ్లే మా గిరాకీ.

అత్తకు ఒక పట్టింపు ఉండేది. మొదటి ప్లేటు బయటికి పోయేదాకా వండే మనిషి నోట్లో వేసుకోకూడదు, ఎంగిలి అవుతుంది. ఉప్పూ కారం సరిపోయాయో లేదో ముక్కుతోనే కనిపెట్టాలి. ఉప్పుకు వాసనేంటని మీరు అడగొచ్చు. ఉడికే సాంబారులో ఉప్పు పడితే ఆవిరి వాసన మారుతుంది. రోజూ దాని ముందు నిలబడేవాళ్లకు తెలిసిపోతుంది.

నేను వండుతుంటే అత్త గడప దగ్గర స్టూలు మీద కూర్చుని ఆకువక్క నమిలేది. ఆకులో ఒక లవంగం తప్పకుండా ఉండాలి. వంటకం కుదిరేదాకా కదిలేది కాదు. కుదిరింది అనుకున్నప్పుడు లేచి వచ్చి, నా ఎడమ భుజం మీదుగా గిన్నె మీదికి వంగి ఒకసారి గట్టిగా పీల్చేది. లవంగం వాసన నా చెవి పక్కన గుప్పుమనేది. "చాలు" అనేది. అంతే. నన్ను అంతకుమించి ఏనాడూ మెచ్చుకోలేదు. ముక్కు మీద కోపం మనిషి. అయినా ఆ ఒక్క మాట కోసం చిన్నపిల్లలా ఎదురుచూసేదాన్ని.

అత్త పోయి రెండేళ్లయింది. హోటలు నా చేతుల మీద బాగానే నడిచింది. పోయిన వానాకాలంలో నాకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ పోతూ పోతూ వాసనను, రుచిని వెంట తీసుకుపోయింది. వేగే తాళింపు ముందు నిలబడినా ఏమీ లేదు. అత్త పట్టింపు పక్కనపెట్టి నాలుక మీద వేసుకుని చూశాను. ఏమీ తెలియలేదు.

చెంచాతో కొలత పెట్టుకున్నాను. పిండి రోజుకో తీరున పులుస్తుంది, చింతపండు బస్తాకో తీరున ఉంటుంది, కొలత ఏం చేస్తుంది? మా ఆయనను రుచి చూడమన్నాను. ఆయనకు బీపీ. ఉప్పు తగ్గించి తగ్గించి ఆయన నాలుకకు అన్నీ ఉప్పగానే ఉంటాయి. పిల్లలు మొహమాటానికి ఏమీ అనలేదు గానీ, ఒక్కొక్కరే పక్క సందుకు తిరిగారు. ప్లేట్లలో చట్నీ అలాగే మిగిలి వచ్చేది. అది కడగాలంటే ఏడుపొచ్చేది.

ఒకరోజు మా ఆయనే అన్నాడు, "ఇంక ఆపేద్దాంలే. నీ ఒంట్లో బాగలేకుండా దేనికి ఈ తిప్పలు." ప్రేమతోనే అన్నాడు. కానీ అత్త ఒంటి చేత్తో నిలబెట్టిన హోటలుకు నా చేతుల మీదుగా తాళం వెయ్యడమా? ఇంకొన్నాళ్లు చూద్దామన్నాను.

ఆ కొన్నాళ్లలో నాకు తోచిన పని ఇది. మధ్యాహ్నం హోటలు కట్టేసి, సందంతా తిరిగి తినడం. బాగా ఘాటైనది ఏదో ఒకటి నా నాలుకను లేపుతుందని ఆశ. విచిత్రం ఏమిటంటే, అన్నేళ్లు ఆ సందులో ఉండి కూడా నేను ఇంకొకరి దగ్గర ఎప్పుడూ తినలేదు. హోటలు ఉన్నవాళ్లు పక్క హోటలులో తింటే నామోషీ అనుకునేదాన్ని.

కాలేజీ గేటు దగ్గర మిరపకాయ బజ్జీ తిన్నాను. కళ్లలో నీళ్లొచ్చాయి, రుచి రాలేదు. బిర్యానీ పాయింటులో ముక్క నమిలాను. చివర్న మాలకొండయ్య నూడుల్స్ బండి. అతనిది మర్రిపాడు పక్క పల్లె, గొర్రెల కాపరుల ఇల్లు. పెళ్లయ్యాక గొర్రెలమ్మి ఈ ఏడే బండి పెట్టాడు. మంచివాడే గానీ చేతికి అంచనా లేదు. పిల్లలు ఒకసారి తిని మళ్లీ వచ్చేవారు కాదు. "ఎట్టుండాదక్కా?" అని అడిగితే ఏం చెప్పను? నాకే తెలియదాయె. "వేడిగా ఉంది" అన్నాను. అది అబద్ధం కాదు.

ఆ తర్వాత రోజు పెంచలమ్మ సంగటి హోటలుకు పోయాను. ఆమె నాటుకోడి పులుసు కలుపుతూ కాస్త ఉప్పు వేసింది. అప్పుడు నా ఎడమ చెవి పక్కన గుప్పున లవంగం వాసన, ఆకువక్క వాసన.

నెలన్నర తర్వాత నాకు తెలిసిన మొదటి వాసన అది. గిరుక్కున తిరిగి చూశాను. వెనక గోడ ఉంది. పెంచలమ్మకు ఆకు నమిలే అలవాటు లేదు. పులుసులో లవంగం వేశావా అని అడిగితే లేదంది. గిన్నె మీదికి వంగి చూశాను, పులుసు వాసన మాత్రం నాకు ఇసుమంత కూడా రాలేదు.

బజ్జీల బండి దగ్గర మళ్లీ అలాగే జరిగింది. చట్నీ చప్పగా ఉందని ఎవరో అంటే ఆయన ఉప్పు వేసి తిప్పాడు. తిప్పడం ఆగగానే అదే వాసన, అదే వైపు. మాలకొండయ్య బండి దగ్గర మాత్రం ఎంతసేపు నిలబడినా రాలేదు. అది తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

ఆ తెల్లవారి నా వంటింట్లో చెనిక్కాయల చట్నీ ముందు నిలబడ్డాను. చిటికెడు ఉప్పు వేసి కలిపాను. ఏమీ లేదు. ఇంకో చిటికెడు. ఏమీ లేదు. మూడోసారి వేసి కలుపుతుంటే వచ్చింది. చెయ్యి దానంతటదే ఆగిపోయింది. "చాలు" అనే మాట వినిపించలేదు. వినిపించి ఉంటే బహుశా పారిపోయేదాన్ని.

ఆరోజు ఒక హాస్టలు అమ్మాయి ఖాళీ ప్లేటు పట్టుకుని మళ్లీ వచ్చింది. "ఆంటీ, చట్నీ ఇంకొంచెం వెయ్యరా? ముందటి మాదిరి ఉండాది." నేను గరిటెడు వేసి, మొహం అటు తిప్పుకున్నాను.

నాకూ అనుమానం లేకపోలేదు. డాక్టరమ్మను అడిగితే, ఇలాంటి జ్వరాల తర్వాత కొందరికి లేని వాసనలు వస్తాయి, అవే పోతాయి అంది. నిజమే కావచ్చు. కానీ లేని వాసనకు ఉప్పు సరిపోయిన సంగతి ఎలా తెలుస్తుంది? పెంచలమ్మతో రెండు గిన్నెల్లో పులుసు పెట్టించాను, దేంట్లో ఉప్పు సరిగా ఉందో నాకు చెప్పొద్దన్నాను. ఒకదాని దగ్గర వాసన వచ్చింది. అదే సరైనది. ఎందుకు అడిగానో ఆమెకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ముక్కు పనిచేయని వంటమనిషికి పిచ్చి కూడా పట్టిందంటారని భయం.

చలికాలంలో చాలా రోజులు అలాగే వండాను. పిల్లలు తిరిగి వచ్చారు. మా ఆయన ఆపేద్దామనే మాట మళ్లీ ఎత్తలేదు.

ఒక పొద్దున అల్లం దంచుతుంటే ముక్కు చుర్రుమంది. అల్లం వాసన. కాసేపటికి కరివేపాకు, ఆ తర్వాత కాగుతున్న నూనె. సాంబారులో ఉప్పు వేశాను, ఆవిరి వాసన మారింది, సరిపోయిందని నా ముక్కే చెప్పింది. అయినా గరిటె పట్టుకుని ఎడమ పక్కకు చెవి పెట్టి నిలబడ్డాను. ఏమీ రాలేదు. "చాలా అత్తా?" అని పైకే అడిగాను. సాంబారు ఉడికే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పోగొట్టుకున్నదంతా దొరికిన రోజున, అత్త పోయినప్పటికన్నా ఎక్కువ ఏడ్చాను. ఆరోజు సాంబారు బాగా కుదిరింది.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేనూ డాక్టరమ్మ మాటే నమ్మేదాన్ని.

వారం పైన గడిచాక మాలకొండయ్య హోటలుకు వచ్చాడు. అంతకుముందే ఒకసారి, గిరాకీ లేదు, పండక్కు ముందే బండి అమ్మేసి మళ్లీ గొర్రెల వెంబడి పోతానని చెప్పి ఉన్నాడు. ఆ మాటే చెప్పడానికి వచ్చాడనుకున్నాను.

"అక్కా, నువ్వు ఆకువక్క ఏస్తావా?"

"లేదే. దేనికి?"

"ఏం లేదు. మూడు దినాలుగా ఉప్పేసేటప్పుడు వెనకమాల లవంగం వాసన కొడతా ఉండాది. తిరిగి చూస్తే ఎవురూ లేరు. నా నూడుల్స్ లో లవంగం యాడిది?"

అతను ఈ ఊరికి వచ్చేసరికే అత్త లేదు. ఆమె ఫోటో కూడా చూడలేదు.

"ఏ పక్క నుంచి?" అన్నాను.

అతను ఎడమ భుజం తట్టుకున్నాడు.

"అప్పుడు నువ్వేం చేశావు?"

"బెదురుకోని ఉప్పు డబ్బా పక్కన పెట్టేసినా."

"మళ్లీ వస్తే మళ్లీ అలాగే పెట్టెయ్" అన్నాను.

ఆ సాయంత్రం పోయి ఒక ప్లేటు తిన్నాను. బండి చుట్టూ పిల్లలు నిలబడి ఉన్నారు. బాగుంది. నిజంగా బాగుంది. మాలకొండయ్య బండి అమ్మలేదు, పండగ దాటి ఇప్పటికీ అక్కడే ఉంది.

మా అత్తకు నూడుల్స్ అంటే పడదు. ఎవరైనా తింటుంటే "పురుగులు తిన్నట్టు అదేం తిండి" అని మొహం చిట్లించేది. అలాంటి మనిషి అతని వెనక ఎందుకు నిలబడిందో, అసలు నిలబడిందో లేదో, నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. పొద్దుగూకాక హోటలు కట్టేసి, ఆ బండి వైపు ఒకసారి పోయి వస్తాను. ఎడమ పక్కన కాస్త చోటు వదిలి నిలబడతాను.