కొంగున మిగిలిన ముడి

1946 వానకాలంలో నేను సిద్దిపేట దవాఖానలో ఆడవాళ్ల వైపు నర్సును. తొలికాన్పు తర్వాత మూడు నెలలు నిండగానే పనిలోకి వచ్చాను. ఇంకో నెల సెలవు కావాలని అర్జీ పెడితే డాక్టర్ సాబు దాన్ని చదవను కూడా చదవలేదు. "రాలేకుంటే చెప్పు, ఇంకొకరిని పిలుస్తం" అన్నాడు. అర్జీ తిరిగి నా చేతికొచ్చేటప్పటికి దాని మీద చాయ్ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక ఉంది. ఆ కాగితం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

మా పని తీరు కొంచెం చెప్పాలి. ఆ రోజుల్లో దవాఖాన వాళ్లు సీసాలు ఇచ్చేవాళ్లు కాదు. ఎవరి సీసా వాళ్లు ఇంటి నుంచి కడిగి తెచ్చుకోవాలి. కాంపౌండర్ లోపల మందు కలిపి నింపుతాడు. నేను కిటికీ దగ్గర పేరు పిలిచి, సీసా అందించి, ఎట్లా వాడాలో చెప్తాను. తాగే మందును మిక్చర్ అంటాం, ఒంటికి పూసేదాన్ని లోషన్ అంటాం. ఏది ఏదో సీసా మీద లేబుల్ అంటించి రాయాలి. యుద్ధం వచ్చినప్పటి నుంచి కాగితం కరువై లేబుళ్లు ఆగిపోయాయి. ఉన్నా చదవగలిగినవాళ్లు ఎందరని?

అందుకే లోషన్ సీసా మెడకు నల్లదారం కట్టే పద్ధతి నేను పెట్టాను. దారం ఉన్నది తాగకూడదు, అంతే. దారం కట్టగానే నా కొంగుకు ఒక ముడి వేసుకునేదాన్ని. ఆ మనిషికి "ఇది తాగేది కాదు" అని చెప్పాక ముడి విప్పేదాన్ని. ఇంటికి పోయేటప్పుడు కొంగు సాఫుగా ఉంటే ఆ రోజు పని సరిగా జరిగినట్టు. నాలుగేళ్లు ఒక్క పొరపాటు రాలేదు. అది ఎవరికీ కనబడలేదు.

మూడు నెలల తర్వాత వచ్చి చూస్తే అల్మారా నాది కాదు. పై అరలో ఉండాల్సినవి కిందున్నాయి. తలుపు లోపల నేను అంటించిన జాబితా చింపేశారు. నల్లదారపు ఉండ కూడా లేదు.

"నల్లదారం ఏది రంగయ్యా?" అని కాంపౌండర్‌ను అడిగాను.

"గా దిష్టి దారమా? నువ్వు పోయినంక గవన్నీ బంద్. మూడు నెలల్ల ఎవ్వరన్న సచ్చిన్రా?" అని నవ్వాడు. "బాలింతవు. నెత్తికి గుడ్డ కట్టుకొని ఇంట్ల కూసోక, కొంగుకు ముడులేసుకొని దవాఖాన నడుపుతవా?"

ఆ మాట అన్నప్పుడు అతని నోట్లో పాన్ ఉంది. అది కూడా గుర్తుంది నాకు.

కానీ నిజం చెప్పాలంటే, నేను అప్పుడు భయపడింది రంగయ్యకు కాదు, నా చేతులకు. బిడ్డ పుట్టినప్పటి నుంచి ఒక్క రాత్రీ సరిగ్గా నిద్ర లేదు. ఇంటి తలుపుకు గొళ్లెం పెట్టి, పది అడుగులు వేసి, పెట్టానా లేదా అని వెనక్కి పోయేదాన్ని. సీసా అందించాక ఆ మనిషి నడిచిపోతుంటే వెనక నుంచి చూస్తూ నిలబడేదాన్ని. ఏ సీసా ఇచ్చాను? ఏం చెప్పాను? ఇంటి నుంచి కొత్త దారం ఉండ తెచ్చుకున్నాను. ముడులు మళ్లీ మొదలుపెట్టాను. ఇక నన్ను కాపాడేది ఆ ముడులే అనుకున్నాను.

మూడో రోజు తొగుట నుంచి లచ్చవ్వ అనే ముసలామె రెండేళ్ల మనుమరాలిని చంకనెత్తుకొని ఎడ్లబండిలో వచ్చింది. పిల్ల పేరు పోశవ్వ. విరేచనాలు, దాని మీద ఒళ్లంతా గజ్జి. విరేచనాలకు చాక్ మిక్చర్, అంటే సుద్దపొడి కలిపిన మందు. గజ్జికి బెంజిల్ లోషన్. రెండూ పాలలాగా తెల్లగా ఉంటాయి. లచ్చవ్వ తెచ్చిన రెండు సీసాలూ ఒకే తీరువి. ఆ లోషన్ పసిపిల్ల కడుపులోకి పోతే మూర్ఛలొస్తాయి, ప్రాణం మీదికొస్తుంది.

లోషన్ సీసాకు దారం కట్టాను. కొంగుకు ముడి వేశాను. "అవ్వా, ఇవి రెండు తీర్ల మందులు" అని మొదలుపెట్టాను. పోశవ్వ గుక్కపట్టి ఏడ్చింది. ఆ తర్వాత నాకు గుర్తున్నది కిటికీ ముందు ఇంకో ఆడమనిషి నిలబడి ఉండటం. కాసేపటికి తలెత్తితే లచ్చవ్వ మెట్ల మీద కూర్చుని పంటితో ఏదో తెంపుతూ కనబడింది. నా కళ్లు చూశాయి, బుద్ధి చూడలేదు.

మధ్యాహ్నం బిడ్డకు పాలివ్వడానికి అరగంట వదిలేవాళ్లు. ఆ అరగంట కోసం రోజూ రంగయ్య మొహం చూసి అడగాలి. ఇంటికి పోయి బిడ్డను ఒళ్లో వేసుకున్నాను. అది పాలు తాగుతూ నా కొంగు పట్టి గుంజింది. కొంగుకు ఒక ముడి ఉంది.

ఎవరో ఒకరికి చెప్పలేదు. ఎవరికి? ఆ పొద్దున లోషన్ ఇచ్చింది ఐదుగురికి. ఒక్కో మొహం గుర్తుచేసుకుంటున్నాను, ఒక్కటీ నిలవడం లేదు. అప్పుడు కొంగు పట్టిన బిడ్డ చెయ్యి చూశాను. మణికట్టుకు నల్లదారం.

"ఇదేంది అత్తమ్మా?"

"నీ సంచిల ఉండెగద దారపుండ. దవాఖాన దారమాయె, ఇంక మంచిగ పనిజేస్తదని కట్టిన" అంది మా అత్తమ్మ.

"మనం చర్చిల ప్రార్థనకు పోయేటోళ్లం, మనకు దిష్టి దారమేంది?"

"ప్రార్థన ప్రార్థనే, దిష్టి దిష్టే. పిల్ల నాది గాదా?"

మెట్ల మీద పంటితో దారం తెంపుతున్న లచ్చవ్వ అప్పుడు కనబడింది నాకు. సీసా మెడ నుంచి తెంపుతోంది. పక్కనే ఏడుస్తున్న పిల్ల, చాపిన చెయ్యి. నర్సమ్మ పిల్లకు మంచి జరగాలని దారం ఇచ్చిందనుకుంది. ఇప్పుడు ఆమె దగ్గర ఒకే తీరు సీసాలు రెండు, ఒకే తీరు తెల్లటి మందులు రెండు. గుర్తు మాత్రం పిల్ల చేతికి ఉంది.

బిడ్డను అట్లాగే చంకనేసుకొని వీధిలోకి పరుగెత్తాను. చెప్పులు కూడా వేసుకోలేదు. మూలమీద ఖాసిం భాయ్ జట్కా ఉంది. నా మొహం చూసి, "రోనా నక్కో, ఏడ్వకు అమ్మా, ఎక్కు. యాడికి?" అన్నాడు.

"తొగుట బాట. ఎడ్లబండిల ఒక ముసలామె, పసిపిల్ల. తొందరగ పోనీ భాయ్."

ఆ దారి పొడవునా నేను బిడ్డను ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, అది ఏడుపు కూడా మానేసింది. ఎదురొచ్చే ప్రతి బండిలో పిల్ల శవం ఉంటుందేమోనని చూశాను. ఊరు దాటి చాలా దూరం పోయాక వాగు దగ్గర బండి కనిపించింది. ఎద్దులకు నీళ్లు పెడుతున్నారు. లచ్చవ్వ ఒళ్లో పోశవ్వ కదలకుండా పడుకుని ఉంది. పెదవుల చుట్టూ తెల్లగా ఉంది.

"తాపినవా అవ్వా?"

"తాపిన. ఏమాయె బిడ్డా, గట్ల ఉరికొస్తివి?"

సీసాలు లాక్కున్నాను. రెండూ వెలితిగా ఉన్నాయి. రెండింట్లోంచీ మందు పోయింది.

"రెండూ తాపినవా? అవ్వా, నిజం జెప్పు, రెండూ తాపినవా?"

"గదేం మాట? పిల్లకు ఏదిచ్చినా ముందు నేను నాకి సూస్త, పాలైనా గంతే. ఒకటి నోట్లె ఏసుకుంటే నాలుక భగ్గున మండె, థూ అని ఊంచిన. మండేది పిల్లకు పోస్తనా? రెండోది దాల్చిన్‌చెక్క వాసనొచ్చె, గదే తాపిన. మంచిగ నిద్రపట్టింది దానికి."

నేను వేలు ముంచి రెండూ నాలుకకు రాసుకున్నాను. ఆమె చెప్పింది నిజం. పిల్ల పొట్ట మీద చెయ్యి పెట్టాను. మెత్తగా పైకీ కిందికీ కదులుతోంది. అప్పుడు బాట మీదే కూలబడి ఏడ్చాను.

"నేను నీకు చెప్పలేదా అవ్వా, దారమున్నది తాగొద్దని?"

"ఏడ చెప్పినవు? రెండు తీర్ల మందులంటివి, దారమున్నది అని మొదలుపెట్టినవు. నా పిల్ల ఏడ్వంగనే నీ రవిక తడిసింది. సిగ్గుపడి కొంగు సర్దుకుంటివి, అటు తిరిగి ఇంకోళ్లను పిలిస్తివి. పచ్చి బాలింత, ఇంట్ల పిల్ల యాదికొచ్చిందేమో అనుకున్న. నేనేం అనుకోలే బిడ్డా."

పోశవ్వ చేతి దారం విప్పి సీసాకు కడతానంటే లచ్చవ్వ ఒప్పుకోలేదు. నా బిడ్డ చెయ్యి చూపించి, "నీ పిల్లకుంటె నా పిల్లకొద్దా?" అంది. కొంగు అంచు చింపి, ముడితో సహా లోషన్ సీసా మెడకు కట్టాను. తర్వాత ఆమెను అడిగాను: "ఇప్పుడు నువ్వు చెప్పు. ఏది తాపాలె, ఏది పూయాలె?" చిన్నపిల్లలా వేలుపెట్టి చూపించి రెండూ సరిగ్గా చెప్పింది.

దవాఖానకు తిరిగి వచ్చేసరికి రంగయ్య రిజిస్టర్‌లో నన్ను గైర్‌హాజరని రాయించాడు. డాక్టర్ సాబు కారణం అడగలేదు. నేను మూడు అర్జీలు పెట్టాను. చింపిన జాబితా గురించి, మాయమైన దారం గురించి, నిద్రలేని తల్లికి ఇవ్వని నెల సెలవు గురించి. అందులో ప్రతి మాటా నిజమే, ఇప్పటికీ ఏదీ వెనక్కి తీసుకోను. ఒక్క అర్జీకీ జవాబు రాలేదు.

కానీ ఆ మూడింటిలోనూ లచ్చవ్వ చెప్పింది మాత్రం రాయలేదు. రాస్తే, బాలింత ఇంట్లో కూర్చోవాలన్న రంగయ్య మాట నిజమైపోతుందని భయం. నేను వాక్యం మధ్యలో ఆపేశాననీ, ఒక పిల్ల బతికింది నా దారం వల్లా ముడి వల్లా కాదు, ఒక ముసలామె నాలుక వల్ల అనీ ఇన్నాళ్లకు ఇక్కడ రాస్తున్నాను.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆ కిటికీలోనే పనిచేశాను. ముడులు వేయడం మానలేదు. కానీ నేను చెప్పాక ముడి విప్పడం మానేశాను. సీసా పట్టుకున్న మనిషి తన నోటితో నాకు తిరిగి చెప్పాకే విప్పేదాన్ని.